లేయమ్మ పాడిన కింది నిషాదం

ఈ మధ్య సంగీతం టీచర్లుగా కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. సరేనని కూర్చున్నా. నాకు కప్పిన శాలువాల గురించి రాస్తే మీకేం పనికొస్తుంది? నాకే పనికి రాలేదు, బీరువాలో చోటు దండగ. సరళీ స్వరాలు ఎలా చెప్పాలో పుస్తకాల్లో ఉంది, చదువుకోండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు నాతో పాటు రోజూ బస్సెక్కి, నాతో పాటే దిగినది ఒకటుంది. అసూయ. దాని గురించి మా టీచర్లెవరూ రాయరు, వీడ్కోలు సభల్లో అసలే మాట్లాడరు. నేను రాస్తా.

మాది జగ్గయ్యపేట. మా వారికి పప్పులు, బెల్లం హోల్‌సేల్ కొట్టు. నా ఉద్యోగం నందిగామలో ఒక హైస్కూల్లో. పొద్దున్నే వంట చేసి, క్యారేజీ కట్టుకుని, నిలబడే చోటు కూడా లేని బస్సులో పోయి పిల్లలకి శ్రుతి గురించి చెప్పేదాన్ని.

ఉద్యోగమంటే ఏమిటంటే

బడిలో సంగీతం టీచరంటే ఏమిటో ముందే తెలుసుకోండి. ఉదయం ప్రార్థనకి శ్రుతి పెట్టాలి. పెద్దవాళ్ళెవరైనా వస్తే స్వాగత గీతానికి పిల్లల్ని నిలబెట్టాలి. వారానికి మీకు ఒక్క పీరియడ్ ఉంటే, పరీక్షల ముందు దాన్ని లెక్కల మాస్టారు పట్టుకుపోతారు, మాటవరసకైనా అడగరు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసులో కూర్చుని "అల్లరి చెయ్యకండర్రా" అంటూ ఉండాలి. దీనికి బాధపడేవాళ్ళు ఇంకో ఉద్యోగం చూసుకోండి, నేనేమీ అనుకోను.

ఒక విద్య మాత్రం గట్టిగా వస్తుంది. నలభై మంది ఒకేసారి పాడుతుంటే మూడో వరసలో ఎడమ చివర ఎవరు శ్రుతి తప్పారో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎవరు బాగా పాడారో చెప్పమంటే కాసేపు ఆలోచించాలి. ఏళ్ళ తరబడి తప్పుల్నే వెతికితే చెవి అలా తయారవుతుంది.

ఎనిమిదో క్లాసులో ఒక పిల్ల ఉండేది. పేరెందుకులెండి, ఇప్పుడు తనకీ పిల్లలున్నారు. నోరు తెరిస్తే పాట ధారగా వచ్చేది. పన్నెండేళ్ళు గురువుగారి ముందు తొడ వాచేలా తాళం వేసి నేను సంపాదించింది ఆ పిల్లకి ఉత్తినే వచ్చేసింది. జిల్లా పోటీల్లో దాన్ని ఒక్కదాన్నే పాడించాలి. నేను బృందగానంలో కలిపేసా. "ఇంకా శ్రుతి నిలకడ లేదండి" అన్నా. మా హెడ్మిస్ట్రెస్ గారు కెమిస్ట్రీ ఆవిడ, సంగీతం ముక్క రాదు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"టీచర్ గారూ, ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకండి. పిల్లలు బాగా పాడుతున్నంతసేపూ మీరు గడియారం చూస్తారు. తప్పు పాడినప్పుడే మీ మొహం వెలిగిపోతుందండి."

ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నిజం చెప్పింది గనకే మాట్లాడలేదు. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఇవాళ ఇది రాసే పని తప్పేది.

శనివారం పెట్టె తెరవని చోటు

మా బడి ఆఫీసులో షమూయేలు గారని ఒకాయన పనిచేసేవారు. నెమ్మదైన మనిషి. నేను రిటైరవడానికి మూడు నాలుగేళ్ళ ముందు, ఒకరోజు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "టీచర్ గారూ, మా మందిరంలో పాటలు చెప్పడానికి వారానికొకరోజు రాగలరా అండి?" అని అడిగారు.

"చర్చి పాటలా? నాకు రావండి."

"చర్చి కాదండి. మేం యూదులం."

పకపకా నవ్వేసా. హాస్యమాడుతున్నారనుకున్నా. నందిగామలో యూదులేంటండీ! ఆయన నవ్వలేదు. "ఒకసారి వచ్చి చూడండి" అన్నారు.

వెళ్ళా. జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చే దారిలో హైవే దిగి, మిర్చి చేల మధ్య రెండు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఓ పాతిక ఇళ్ళు. మధ్యలో శ్లాబు వేసిన ఒకే ఒక్క హాలు, దాన్నే సమాజమందిరం అంటారు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో చర్చి నుంచి విడిపోయి, మా మూలాలు ఇజ్రాయేలులో ఉన్నాయని నమ్మి, ఆ పద్ధతులు ఒక్కొక్కటే పట్టుకున్నారు. శుక్రవారం పొద్దుగూకే ముందు ఆడవాళ్ళు దీపాలు వెలిగిస్తారు. అప్పట్నుంచి శనివారం చీకటి పడేదాకా పొయ్యి ముట్టించరు, పనికి పోరు, పెన్ను పట్టరు, ఫోను ముట్టరు. వాళ్ళ నమ్మకంలో నిజమెంత అని వాదించడం నా పని కాదు. మన ఇళ్ళల్లో ఏకాదశి ఉపవాసానికి ఎవరైనా రుజువులడుగుతారా?

వాళ్ళ ప్రార్థనలు హెబ్రీ భాషలో. ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని జిరాక్స్ తీయించుకున్నారు. బాణీలే లేవు. కొన్ని పాత చర్చి బాణీలు, కొన్ని భజన బాణీలు, ఎలా కుదిరితే అలా పాడేస్తున్నారు. ఒక పద్ధతిలో పెట్టాలని షమూయేలు గారి కోరిక. నా హార్మోనియం మోసుకెళ్ళి అక్కడే ఉంచా. మొదటి శనివారం ఉత్సాహంగా వెళ్ళేసరికి దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"విశ్రాంతి రోజున వాయిద్యం ముట్టుకోమండి" అన్నారు షమూయేలు గారు. "పూర్వం ఇజ్రాయేలులో మా పెద్ద దేవాలయంలో తీగ వాయిద్యాలు, తాళాలు, బూరలు అన్నీ ఉండేవంట. అది కూలిపోయాక ఆ దుఃఖంతో పక్కన పెట్టేసారంట. గొంతు ఒక్కటే మిగిలింది."

"పోనీ నేను వాయిస్తా లెండి. నేను మీ మతం కాదుగా."

"మీరు వాయించినా వినేది మేమే కదండీ" అన్నారాయన.

కొత్త సంవత్సరం పండక్కి మాత్రం పొట్టేలు కొమ్ము ఊదుతారు. మిగతా ప్రార్థనంతా గొంతే. అందుకని మంగళవారాలు బడి వదలగానే వెళ్ళి హార్మోనియం మీద నేర్పడం, వీలైనప్పుడు శుక్రవారం వెళ్ళి వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చుని వినడం అలవాటు చేసుకున్నా. అసలైన రోజున నా పెట్టె ముసుగేసుకుని మూల కూర్చుంటే, దాన్ని చూసి నాకే చిన్నతనంగా ఉండేది.

అక్కడ లేయమ్మ ఉండేది. యాభై దాటిన మనిషి. మిర్చి కల్లాల్లో కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరే పని. శనివారం పనికి రానంటుందని సీజన్లో మేస్త్రీ చేత తిట్లు తినేది, అయినా వెళ్ళేది కాదు. చదువు రాదు. అందరితో పాటు ఆవిడా జిరాక్స్ కాగితం పట్టుకునేది, ఒక్కోసారి తలకిందులుగా. ఆవిడకి హెబ్రీ మాటలు బాణీతోనే గుర్తుండేవి. బాణీ మారితే మాట కూడా జారిపోయేది. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే తెలుసు. తెలియక చేసానని తర్వాత మీరు నన్ను వెనకేసుకు రాకుండా ముందే చెప్తున్నా.

దూరదేశం పెద్దాయన

మరుసటి ఏడు విదేశం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. సమాజమందిరాల్లో ప్రార్థన పాడి నడిపించడమే ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం. శుక్రవారం మధ్యాహ్నం దిగారు, ఆదివారం పొద్దున్నే వెళ్ళిపోవాలి. ఆయన ఇంగ్లీషులో చెప్తుంటే షమూయేలు గారి కోడలు తెలుగులో చెప్పేది. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది.

చాలా సంగతులు చెప్పారు. వాళ్ళ గ్రంథాన్ని మామూలుగా చదవరట, రాగంలో చదువుతారట. గొంతు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో అక్షరాల పైనా కిందా చిన్న చిన్న గుర్తులుంటాయట. ఏ దేశంలో ఉన్న యూదులు ఆ దేశపు గాలి పీల్చి పాడుకున్నారట. మాటలు ఒకటే, బాణీలు లెక్కలేనన్ని. నేను మన స్వరాల గురించి చెప్తే చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ఆ కాసేపూ నాకు చాలా బాగుంది. ఆ హాల్లో ఆయనతో సమానంగా మాట్లాడగలిగిందాన్ని నేనొక్కదాన్నేనని అనిపించింది.

సాయంత్రం దీపాలు వెలిగించారు. విశ్రాంతి రోజుని పెళ్ళికూతురిలా లోపలికి పిలిచే పాట ఒకటి వాళ్ళకుంది. చివరి చరణం వచ్చేసరికి అందరూ వెనక్కి తిరిగి, తలుపు వైపు చూస్తూ వంగి, ఆ పెళ్ళికూతుర్ని ఆహ్వానిస్తారు. ఆ పాటని ఆయన వాళ్ళ అమ్మ ఊరి బాణీలో పాడారు. అబ్బ! ఏం పాటండీ అది. గోడ మీద బల్లి కూడా కదల్లేదు.

దీపాలు వెలిగాయి గనక ఎవరూ ఫోను తీయకూడదు, రాసుకోకూడదు. నా హ్యాండ్‌బ్యాగులో పెన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు నన్ను. జగ్గయ్యపేట బస్సు దిగి, ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా స్వరం రాసేసా. మాయామాళవగౌళ. అనుమానమే లేదు.

సంగీతం రానివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తా. మన దగ్గర ప్రతి పిల్లకీ మొదటి పాఠం ఆ రాగంలోనే. అందులో ని, అంటే నిషాదం, పై స కి ఆనుకుని ఉంటుంది. దాన్ని ఒక్క మెట్టు కిందికి దించితే అది వకుళాభరణం అనే ఇంకో రాగం. తక్కిన స్వరాలన్నీ రెంటికీ ఒకటే. ఆ పెద్దాయన కింది ని పాడారు. నేను పై ని విన్నా. ఐదేళ్ళ వయసు నుంచి విన్నదాన్నే విన్నా.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళా. ఆయన ఆ పాటని పొద్దుట్నుంచి అడిగినవాళ్ళకల్లా పాడి వినిపిస్తున్నారట. "ఎవరికైనా వచ్చిందా?" అని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపు మూల నుంచి లేయమ్మ ఎత్తుకుంది. మూడు నాలుగుసార్లు విన్నదంతే. మాటలతో సహా పాడేసింది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు. ఏదో అన్నారు.

"మా అమ్మ గొంతు విన్నట్టుంది అంటున్నారండి" అంది కోడలు. "ఇక నుంచి శుక్రవారం ఈ పాట ఈవిడే ఎత్తుకోవాలి అంటున్నారు."

హాలంతా లేయమ్మ చుట్టూ చేరింది. ఆయన మర్యాద తెలిసిన మనిషి, నా వైపు కూడా తిరిగి చిరునవ్వుతో ఏదో అన్నారు. చెవులు రిక్కించా.

"మీ హార్మోనియం చాలా బాగుంది అంటున్నారండి."

పెట్టె! అది కూడా గుడ్డ కప్పి ఉన్న పెట్టె! దాని చప్పుడు కూడా వినలేదాయన!

నవ్వా. నవ్వి, చెయ్యెత్తి దండం పెట్టా. ముప్ఫై ఏళ్ళు చెప్పిన నేను బెంచీ మీద కూర్చోవడమేంటి, తాలుకాయలు ఏరుకునే మనిషి ఆయన అమ్మ అయిపోవడమేంటి? ఇదే మాట, ఇలాగే అనుకున్నా. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు అనుకోవడానికి సిగ్గు వెయ్యలేదు. చీకటి పడి విశ్రాంతి రోజు ముగిసాక ఆయన నా ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు. ఇంటికెళ్ళాక మామూలు రోజున పాడి, రికార్డు చేసి, సంగీతం టీచరు గనక నాకే పంపుతానన్నారు.

మంగళవారం

మంగళవారం నేను రాసిన స్వరం పట్టుకుని వెళ్ళా. హార్మోనియం తెరిచా. అందరికీ వరసగా చెప్పుకుంటూ వచ్చా. ని దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ పైకి వెళ్ళాయి, ఒక్క గొంతు కిందే ఉండిపోయింది.

"ఎవరది?" అన్నా. ఎవరో నాకు తెలుసు.

"నేనేనమ్మా" అంది లేయమ్మ.

"అపస్వరం పలుకుతోంది. పైకి రా."

మళ్ళీ పాడింది. మళ్ళీ కిందే. "ఆయన అక్కడికి ఎక్కలేదు టీచరమ్మా. ఈడే ఉన్నాడు" అని అరచెయ్యి బోర్లించి చూపించింది.

మెట్టు నొక్కి పట్టుకున్నా. "ఇదీ నిషాదం. విను."

"మీ పెట్టెలో అట్టుందేమో టీచరమ్మా."

నలుగురు కిసుక్కున నవ్వారు. లేయమ్మ ఎగతాళికి అనలేదు, ఉన్నమాట అంది. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు నేనన్న మాట మీకు చెప్పాలి. "కాగితం తలకిందులుగా పట్టుకునేవాళ్ళు నాకు స్వరం నేర్పుతారా?" అన్నా.

నవ్వులు ఆగిపోయాయి. లేయమ్మ చేతిలో కాగితం వంక చూసుకుని, మడిచి, బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ కాగితం పట్టుకోలేదు.

అక్కడితో ఆగానా? షమూయేలు గారిని బయటికి పిలిచి, "ఎత్తుకునేవాళ్ళు తప్పితే ఊరంతా తప్పుతుందండి. కొన్నాళ్ళు మీ కోడలిని ఎత్తుకోమనండి" అని చెప్పా. ఆయన తటపటాయించారు. "పెద్దాయన చెప్పారు కదండీ..." అన్నారు. "స్వరం తెలిసినదాన్ని నేను చెప్తున్నా" అన్నా. ఒప్పుకున్నారు పాపం. నా మీద నమ్మకం ఆయనకి.

ఆ శుక్రవారం నుంచి లేయమ్మ వెనక వరసలో నిలబడేది. పెదవులు కదిపేది, గొంతు వచ్చేది కాదు. నా చెవికి అది కూడా తెలిసేది. హాయిగా ఉండేది.

ఫోన్లో ఉన్నది

నాలుగు నెలలకి రికార్డు వచ్చింది. ఆదివారం, కొట్లో మా వారి పక్కన కూర్చుని ఉన్నా. చెవి దగ్గర పెట్టుకుని విన్నా. ఇంటికొచ్చి తంబూరా పెట్టె పెట్టుకుని మళ్ళీ విన్నా. ఒకసారి, పదిసార్లు. ఎన్నిసార్లు విన్నా ని కిందే ఉంది. అరచెయ్యి బోర్లించి లేయమ్మ చూపించిన చోటే ఉంది.

మర్నాడే వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. రేపు చెప్తా అనుకున్నా, పండగలయ్యాక చెప్తా అనుకున్నా. తర్వాత ఒక మంచి సాకు దొరికింది. ఏ దేశపు గాలి పీల్చి ఆ దేశపు బాణీ అని ఆయనే అన్నారు కదా? అయితే ఇది మన గాలి, మన మాయామాళవగౌళ, ఇందులో తప్పేముంది? ఈ ముక్క ఎంత బాగా అతికిందంటే, నేనే ఒకటి రెండుసార్లు నమ్మేసా. చదువుకున్నవాళ్ళకి ఇదో సుఖం, ఏం చేసినా దానికో మాట దొరుకుతుంది.

మధ్యలో ఫోను మార్చా. కొత్త ఫోన్లోకి ఫోటోలు సగం ఎక్కలేదు, మా పెళ్ళిరోజు ఫోటోలే పోయాయి. ఆ రికార్డు మాత్రం ఎక్కిందో లేదో ఫోన్ల కొట్టువాడి ఎదురుగానే నిలబడి చూసుకున్నా. వినిపించనూ లేను, తీసెయ్యనూ లేను.

ఇంతలో ఒక శుక్రవారం వెనక వరస నుంచి లేయమ్మ గొంతు వినిపించింది. గట్టిగా, ధైర్యంగా. పై ని. సూదిలా సరిగ్గా నేను చెప్పిన చోట. బయటికొచ్చాక, "ఇప్పుడు బాగుంది లేయమ్మా" అన్నా.

మొహం చాటంత చేసుకుంది. "కల్లంలో కూచుని రోజూ అదే అనుకున్నా టీచరమ్మా. నోరు తిరగడానికి ఏడాది పట్టింది. పాత మాటలన్నీ పోయినయ్యి, మళ్ళీ కోడలమ్మ చేత ఒక్కొక్కటే చెప్పించుకున్నా."

నాకేమనిపించిందో అడగండి. గెలిచాననిపించింది. ఎత్తుకునే పని మాత్రం అప్పటికీ తిరిగి ఇప్పించలేదు.

పెట్టె మూసి

నేను రిటైరయ్యా. మంగళవారాలు మానలేదు. ఒకరోజు షమూయేలు గారు ఫోన్ చేసి, ఆ పెద్దాయన పోయారని కబురొచ్చిందన్నారు. "ఈ శుక్రవారం ఆయన పాటని ఆయన పేరు తలుచుకుని పాడదామనుకుంటున్నామండి. ఆయన మనకిచ్చి వెళ్ళింది ఆ ఒక్కటే. చెక్కుచెదరకుండా మనం కాపాడుకుంటున్నామంటే మీ వల్లే టీచర్ గారూ. అందరి ముందూ ఆ మాట చెప్పాలి."

నా ఉద్యోగమంతా ఇలాంటి మాట కోసమే చూసా. ఎవరికి వచ్చినా ఏడ్చా. తీరా నాకొస్తే తీసుకోలేకపోయా. "శుక్రవారం దాకా వద్దండి, మంగళవారం అందర్నీ రమ్మనండి" అన్నా.

మంగళవారం హార్మోనియం తెరవలేదు. ఫోను దాని మీద పెట్టి, రికార్డు వినిపించా. చనిపోయిన మనిషి గొంతు హాలంతా నిండింది. ని దగ్గరికి వచ్చింది. కిందికి దిగింది. సగం మందికి తేడా తెలియలేదు. లేయమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఇదే. ఇదేనమ్మా."

పాట అయిపోయింది. "ఇదెప్పుడొచ్చిందమ్మా?" అని అడిగింది.

"మూడేళ్ళయింది."

నేనే ఉండబట్టలేక, "ఏ దేశం బాణీ ఆ దేశానిదని ఆయనే అన్నారు కదండీ. మనం పాడేది మన బాణీ అనుకోవచ్చు..." అని మొదలుపెట్టా.

షమూయేలు గారు గొంతు పెంచలేదు. "మనం ఎంచుకుంటే మన బాణీ టీచర్ గారూ. మాకు తెలియకుండా మారిపోయింది మన బాణీ ఎలా అవుతుందండి?"

అప్పుడిక చెప్పేసా. "తెలియక రాసా, అది ఒక తప్పు. తెలిసి దాచా. లేయమ్మ మీద అసూయతో దాచా."

లేయమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వొచ్చింది ఆవిడకి. "నా మీదా? తాలుకాయలు ఏరుకునేదాని మీదా?" ఎవరైనా అవునంటారేమోనని చుట్టూ చూసింది. నేను తల దించుకునేసరికి నవ్వు ఆగింది.

"ఆ పాటొక్కటే కదమ్మా నాకు నోటికొచ్చింది" అంది.

"ఇప్పుడు పాడు లేయమ్మా. నువ్వు పాడినట్టే పాడు" అన్నా.

కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. ని దగ్గరికి వచ్చింది. గొంతు పైకి వెళ్ళింది. ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పైకే. మూడోసారి అరచెయ్యి బోర్లించి, చేత్తో గొంతుని కిందికి నొక్కుతున్నట్టు పట్టుకుని పాడింది. చెయ్యి కిందే ఉంది, గొంతు నేను నేర్పిన చోటికే పోయింది.

"దిగట్లేదమ్మా" అంది. కోపంగా అంటే బాగుండేది. తప్పు చేసిన పిల్లలా అంది. "మీరు చెప్పింది గట్టిగా పట్టేసుకుందమ్మా నన్ను."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎంతమందికి పాఠం చెప్పానో. ఇంత గట్టిగా నేర్చుకున్నానని నాతో అన్నది ఆవిడొక్కతే. అక్కడే కూర్చుని ఏడ్చా. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది.

కొత్తగా చేరుతున్న పిల్లలూ, మీకంటే బాగా పాడేవాళ్ళు మీకు తప్పకుండా ఎదురవుతారు, చాలాసార్లు ఫీజు కట్టలేని ఇంటి నుంచే వస్తారు. అసూయ పడతారు. పడండి, దాన్ని ఆపుకోమని చెప్పడానికి నాకేం అర్హత ఉంది? ఆ రోజుకి మాత్రం వాళ్ళని దిద్దకండి. తలనొప్పని చెప్పి ఇంటికెళ్ళిపోండి. మన చేతిలో ఉన్నది దిద్దే పని. అసూయ పడ్డ రోజున అదే చేత్తో ఒక మనిషి గొంతు మార్చేయగలం. మార్చాక మనమే వెనక్కి తేలేం.

ఆ శుక్రవారం వెళ్ళా. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. నా బెంచీలోనే, తలుపు పక్కన కూర్చున్నా. నా పెట్టె మూల ముసుగేసుకుని ఉంది. షమూయేలు గారు ఆ పెద్దాయన పేరు చెప్పి, ఇంకేమీ చెప్పకుండా లేయమ్మ వైపు చూసారు. లేయమ్మ ఎత్తుకుంది.

మొదటి చరణంలో పైకే వెళ్ళింది. రెండో చరణంలోనూ అంతే. వెనక పాడేవాళ్ళు సగం మంది పైన, సగం మంది కింద, హాలంతా గందరగోళం. మనసాగక నేనూ కలవబోయా. ముప్ఫై ఏళ్ళ గొంతు కదా, నేను పాడితే అందరూ నా వెనకే వస్తారు. ని దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నోరు మూసుకున్నా.

చివరి చరణం వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు, పెళ్ళికూతుర్ని పిలవడానికి. తలుపు పక్కన ఉన్నది నేనే గనక అన్ని మొహాలూ నా వైపే తిరిగాయి. ముందు లేయమ్మ. అరచెయ్యి బోర్లించి పెట్టుకుంది. ని దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగింది. ఆయన పాడిన చోట, తను మొదటిసారి పాడిన చోట.

ఆ క్షణంలో కూడా నాకు అసూయ వేసింది. ఏ దేవుడి ముందు అబద్ధమాడను? ఆవిడ దిగగలిగింది, నేను ఇప్పటికీ దిగలేను. లేయమ్మ నన్ను చూస్తూ పాడుతోంది. నేను లేచి నిలబడి, గొంతు బయటికి రాకుండా, పెదవులు మాత్రం కదిపా.